ముక్కు తోస్తే దగ్గే ఇంజను

పదకొండున్నర అయింది. కంప్యూటర్లో రెండో ప్రపంచ యుద్ధం విమానాల ఆట ఆడి మేనల్లుడు అలిగి పడుకున్నాడు. వాడిది బ్రిటిష్ స్పిట్‌ఫైర్, ఎదురుగా జర్మన్ 109. "స్పిట్‌ఫైర్ ముక్కు కిందికి తోస్తే ఇంజను దగ్గుతాంది, 109 మాత్రం హాయిగా జారుకుంటాంది. బ్యాలెన్స్ చెయ్యొద్దా మామా?" సాయంత్రం నుంచి ఇదే నస. ఉగ్గాని చల్లారింది గానీ వాడు చల్లారలేదు.

బ్యాలెన్స్ అంటే ఏందప్పా, తూకం రాళ్లు మార్చడమా? 1940 నాటి స్పిట్‌ఫైర్‌లోని మెర్లిన్ ఇంజనుకు ఉన్నది ఫ్లోట్ కార్బురేటర్, అంటే తేలే బిళ్ల (ఫ్లోట్) మట్టం చూసుకునే పెట్రోలు గిన్నె. ముక్కు టక్కున తోస్తే పెట్రోలు గిన్నె పైకప్పుకు ఎగురుతుంది, ఇంజనుకు పెట్రోలు పంపే సన్న రంధ్రాలకు (జెట్లకు) అందదు, ఇంజను దగ్గుతుంది. అట్లే పట్టుకుంటే ఫ్లోట్ తప్పుదారి పట్టి పెట్రోలు పొంగుతుంది, నల్లపొగ. 109లో పెట్రోలు నేరుగా సిలిండర్లోకే చిమ్ముతుంది, ఎట్లా తిప్పినా దానికి దిగుల్లేదు.

నాన్న పాత స్కూటర్ గుర్తొచ్చింది. సి క్యాంపు రైతుబజారు ముందర ఆగిపోతే, వంకాయల సంచీ నా చేతికిచ్చి బండిని పక్కకు వంచేవాడు. ట్యాంకు అడుగున మిగిలిన పెట్రోలు పైపు వైపు జారేది. ఎక్కువసేపు వంచితే పొంగి ప్లగ్గు తడిసేది. అప్పుడు ప్లగ్గు విప్పు, గుడ్డతో తుడువు, ఊదు, మళ్లీ కిక్కులు. తక్కువైనా చిక్కే, ఎక్కువైనా చిక్కే. వీడు ఎలక్ట్రిక్ బండి తరం, ఎట్లా తెలుస్తుంది?

బ్రిటిష్ ఇంజనీరు బీట్రిస్ షిల్లింగ్ 1941లో పెట్రోలు దారికి చిన్న రంధ్రం బిళ్ల వేయించి పొంగు ఆపింది. మేం ఆడే మిషన్, అంటే ఆటలోని పోరు, 1940ది కాబట్టి అందులో అది ఉండదు. తోయొద్దు, విమానాన్ని సగం దొర్లించి వెల్లకిలా చేసి, నడిపే కర్ర లాగు, పెట్రోలు గిన్నె అడుగునే ఉంటుంది. అంతే కదా!

ఇంత వాదించి, ఇందాక నేనే తయారు చేసిన మిషన్ ఫైలు తెరిస్తే నాకే సిగ్గేసింది. వాడి స్పిట్‌ఫైర్‌కు నేను పోసింది 87 ఆక్టేన్, తక్కువ రకం పెట్రోలు. అంటే బూస్ట్ (ఇంజనులోకి గాలిని నెట్టే ఒత్తిడి) 6¼ పౌండ్లే, సుమారు 1,030 గుర్రాల బలం. 1940 వేసవికే బ్రిటిష్ వాళ్లు 100 ఆక్టేన్‌కు మారినారు. ఐదు నిమిషాలపాటు 12 పౌండ్లు, దాదాపు 1,300 గుర్రాలు. వాస్తవం అని ఊదరగొట్టింది నేనే, తూకం రాయి మార్చిందీ నేనే.

అయినా కార్బురేటర్ ముట్టుకోను. పెట్రోలు మాత్రం మార్చేసినాను. పోరు మొదలయ్యే ఎత్తు కూడా 20,000 అడుగుల నుంచి 9,000కు దించినాను. అంత పైన గాలి పలచన, ఇంజనులోకి గాలి నెట్టే సూపర్‌చార్జర్‌కు ఊపిరాడక ఆ 12 పౌండ్లు ఎట్లాగూ అందవు. వాడికి చెప్పాలా? రేపు 109 వాడికే ఇస్తా, చూద్దాం.