చిట్టికి బండి నేర్పడం: ఇప్పటిదాకా ఎక్కడికొచ్చాం

ఫిబ్రవరి

చిట్టి మా మినియేచర్ గుర్రం, అంటే పొట్టి జాతిది. ఎత్తు 32 అంగుళాలు. పెద్ద గుర్రాన్ని మూపు దగ్గర కొలుస్తారు కానీ, మా టెక్సాస్‌లోనే ఆఫీసున్న అమెరికన్ మినియేచర్ హార్స్ అసోసియేషన్ లెక్కలో జూలు చివరి వెంట్రుకలు మొలిచే చోట కొలవాలి. 34 దాటకూడదు. ఆ టెన్షన్ లేదు.

పక్క కొట్టంలో ఉండే రాజా క్వార్టర్ హార్స్ జాతి పెద్ద గుర్రం, అర టన్ను ఉంటాడు. వాణ్ణి లాగి కదిలించడం మన వల్ల కాదు, అందుకే మొదటి రోజు నుంచే పద్ధతిగా నేర్పుతాం. చిట్టి వంద కిలోలు కూడా లేదు. లాగితే వచ్చేస్తుంది, నెడితే జరుగుతుంది. మినీలు (మినియేచర్ గుర్రాలు) మొండివని చెప్పేవాళ్లలో చాలామంది అసలు నేర్పకుండా లాక్కుపోయినవాళ్లే. కాబట్టి మా దగ్గర ఒకటే రూలు: తాడు వదులుగా ఉండగా నాతో నడిస్తేనే నడిచినట్టు. ముద్దొస్తోందని చేత్తో బిస్కెట్లు పెట్టడం బంద్. రాజా చేస్తే ఒప్పుకోని పని ఇదీ చేయకూడదు, కొరకడంతో సహా.

ఏప్రిల్

దాని మీదికి వంగితే వెనక్కి తగ్గుతోంది. నిటారుగా నిలబడి, పొడుగాటి కొరడాతో భుజం మీద తాకితే వెంటనే అర్థం చేసుకుంటోంది. కొరడా ఇక్కడ కొట్టడానికి కాదు, చేతికి అందనిచోట తాకడానికి. గిట్టలు శుభ్రం చేసేటప్పుడు కాలిని మన నడుము దాకా ఎత్తకూడదు, దాని కీళ్లు నొస్తాయి. నడుం నొప్పి మనమే పడాలి.

చుట్టూ తిప్పే పనికీ అంతే. చిన్న గుర్రం కదా అని చిన్న వలయంలో తిప్పితే కీళ్ల మీద భారం పడుతుంది. రాజాకిచ్చినంత వెడల్పే ఇస్తున్నా, తాడుతో పాటు నేనూ నడుస్తున్నా, కాసేపటికే ఆపేస్తున్నా.

పచ్చిక బాగా మొలిచింది, మూతికి బుట్ట కట్టక తప్పలేదు. మినీలు ఇట్టే లావెక్కి గిట్టల వాపు తెచ్చుకుంటాయి. చిట్టి బరువులో నూటికి ఒకటిన్నర వంతు చొప్పున రోజూ ఎండుగడ్డి తూచి వేస్తున్నా. అలాగని పస్తు పెట్టకూడదు. లావుగా ఉన్న మినీ మేత మానేస్తే రక్తంలో కొవ్వు పెరిగి ప్రాణం మీదికొస్తుంది.

జూన్

గుర్రం మోసే బరువు దాని బరువులో అయిదో వంతు దాటకూడదంటారు. చిట్టికి అది జీనుతో కలిపి ఇరవై కిలోలు కూడా రాదు, కాబట్టి స్వారీ మాట మరిచిపోవచ్చు. రాజాకి నా కూర్చునే తీరు, కాళ్ల ఒత్తిడి చాలా సంగతులు చెబుతాయి. చిట్టికి వెనక నుంచి వచ్చే గొంతు, పగ్గాలు, కొరడా, అంతే. అందుకే 'ఓ' అంటే ఆగడం అన్నిటికంటే ముందు నేర్పాను.

తెల్లవారుజామునే, ఎండ ముదరకముందే, పొడవాటి పగ్గాలు పట్టుకుని దాని వెనకాల నడుస్తున్నా. చెత్తడబ్బాలకి, మెయిల్‌బాక్సులకి అలవాటు పడింది. పక్కలు, వెనక కనబడకుండా కళ్లెానికి ఉండే గంతలు కళ్లకి పెట్టినా బెదరలేదు.

అసలు కష్టం మలుపులో వచ్చింది. బండి షాఫ్టుల (రెండు పక్కలా ముందుకొచ్చే కర్రల) మధ్య ఉన్న గుర్రం ఒంటిని వంచి తిరగలేదు, ముందుకాళ్లు ఒకదాని మీదుగా ఒకటి వేస్తూ పక్కకి జరగాలి. రాజాకి స్వారీలో ఈ ఇబ్బందే లేదు. చిట్టికి రెండువైపులా పీవీసీ పైపులు కట్టి ఇదే పని చేయిస్తున్నా. పైపు డొక్కకి తగిలినప్పుడల్లా ముందు గడ్డకట్టినట్టు ఆగిపోయేది. ఇప్పుడు తనే దానికి ఆనుకుని పక్కకి అడుగేస్తోంది.

ఆగస్టు

రెండు చక్రాల తేలిక బండి కట్టాం. తోడుగా వచ్చిన స్నేహితురాలు విడిగా హాల్టర్ (ముఖానికి కట్టే పట్టీ) తాడు పట్టుకుంది. బండి కట్టేటప్పుడు లాగుడు పట్టీలు ముందు, బండి గుర్రం మీదికి రాకుండా ఆపే పట్టీలు తర్వాత. విప్పేటప్పుడు ఈ వరస తిరగబడుతుంది. బండి ఉండగా కళ్లెం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తీయకూడదు. గంతలు పోయి వెనకున్న బండి ఒక్కసారిగా కనబడితే ఎంత మంచి గుర్రమైనా పరుగందుకుంటుంది.

మా సందు చివరిదాకా నడకలో వెళ్లొస్తోంది. కుడి మలుపు బాగుంది, ఎడమది ఇంకా బిగుసుగానే ఉంది. అందుకే వచ్చే నెల మళ్లీ కొన్నాళ్లు పైపులతోనే పని. ట్రాట్ (నడక కంటే వేగంగా చిన్న పరుగు) ఆ తర్వాతే.