తెలుగు టైపింగ్‌కు మెకానికల్ కీబోర్డు: ఇప్పటిదాకా చేసిన పని

తిరుపతిలో ఇంట్లోనే కూర్చుని తెలుగు టైపింగ్ చేస్తుంటాను. అంతా యూనికోడ్, ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ (భారతీయ భాషలకు ప్రామాణికమైన కీల అమరిక). డీటీపీ షాపుల్లో అను ఫాంట్లతో కొట్టేవాళ్ల అలవాటు వేరు, వాళ్లకు ఇందులో కొన్ని లెక్కలు పనికిరావు. మెకానికల్ కీబోర్డు, అంటే ప్రతి కీ కింద విడిగా ఒక స్విచ్ ఉండేది, దాని మీద ఏ రివ్యూ తెరిచినా గేమింగ్ గోలే కాబట్టి నా అవసరానికి నేనే చూసుకోవాల్సి వచ్చింది.

కొనేటప్పుడు ఒక్క విషయంలోనే పట్టుబట్టాను: హాట్‌స్వాప్ ఉండాలి. అది ఉంటే సోల్డరింగ్ లేకుండా ఒక స్విచ్ పీకి ఇంకోటి గుచ్చేయొచ్చు. స్విచ్ రకాన్ని రంగు పేరుతో పిలుస్తారు, ఆ రంగు తర్వాతైనా మార్చుకోవచ్చు గనక మొదటే తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. తీసుకున్నది 75 శాతం సైజు, నాలుగు వేల లోపే. నంబర్‌ప్యాడ్ ఉండదు, ఫంక్షన్ కీలు, బాణం కీలు ఉంటాయి. రోజంతా ఎక్సెల్‌లో ఉండేవాళ్లు మాత్రం ఫుల్ సైజే తీసుకోండి. ఇంకో సంగతి, బోర్డు మూడు కాళ్ల స్విచ్‌లకా, ఐదు కాళ్ల వాటికీనా అని ముందే అడగండి. మూడు కాళ్ల బోర్డైతే ఐదు కాళ్ల స్విచ్ అడుగున ఉండే రెండు సన్న ప్లాస్టిక్ కాళ్లను నెయిల్ కట్టర్‌తో కత్తిరించాలి.

చెన్నైకి వేరే పని మీద వెళ్లినప్పుడు ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌లో రెడ్, బ్రౌన్, బ్లూ స్విచ్‌లు మూడూ నొక్కి చూశాను. రెడ్ నున్నగా దిగిపోతుంది, బ్రౌన్‌లో మధ్యలో చిన్న తట్టు తగులుతుంది, బ్లూ అయితే పైకే టిక్కుమంటుంది. తెలిసినాయన దగ్గర బ్లూ బోర్డు ఒక రాత్రికి తెచ్చుకుంటే పక్క గదిలోంచి అమ్మ, "ఏందిరా ఆ టపటపా, పండుకోనీవా?" అంది. దాంతో బ్లూ కథ ముగిసింది.

ఇప్పుడు బోర్డంతా గేటరాన్ కంపెనీ ఎల్లో స్విచ్‌లు, నొక్కడానికి 50 గ్రాముల బలం పట్టే లీనియర్ రకం, అంటే తట్టు లేకుండా నున్నగా దిగేవి. ఒక్క డి కీ కింద మాత్రం బ్రౌన్ పెట్టాను. కారణం ఉంది. ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు డి మీద ఉంటుంది, వత్తు రావాలంటే అది నొక్కాల్సిందే. 'స్త్రీ' కొట్టాలంటే ఎం, డి, ఎల్, డి, జె, ఆర్. ఆరు కీల్లో రెండు డి లే! మొదటి డి సరిగా పడకపోతే స్క్రీన్ మీద 'సత్రీ' అని వస్తుంది, వేగంలో కంటికి ఆనదు. మన ఊళ్లో ఏ కరపత్రం మొదలెట్టినా 'శ్రీ' తోనే కదా, అందులోనూ డి ఉంది. కీ దిగిందని వేలికి తెలియాలి, అందుకే అక్కడ తట్టు ఉన్న స్విచ్. 35 గ్రాముల తేలికపాటిది కూడా పెట్టి చూశాను. ఎడమచేతి మధ్యవేలు ఎప్పుడూ ఆ కీ మీదే ఆని ఉంటుంది కాబట్టి అక్కర్లేని చోట కూడా పొల్లు పడుతోంది.

స్విచ్ గుచ్చేముందు దాని రెండు రాగి కాళ్లు నిటారుగా ఉన్నాయో లేదో చూడండి. వంగితే ట్వీజర్‌తో సరిచేయొచ్చు, బలవంతంగా నొక్కితే సాకెట్టే ఊడొస్తుంది.

స్పేస్‌బార్ మొదట్లో గలగలలాడేది. పొడుగు కీ ఒరగకుండా పట్టి ఉంచే స్టెబిలైజర్ వైరు రెండు కొసలకూ డైఎలక్ట్రిక్ గ్రీజు కొద్దిగా రాస్తే సగానికి పైగా తగ్గింది. పీసీబీ (లోపలి సర్క్యూట్ బోర్డు) వెనక మాస్కింగ్ టేపు రెండు పొరలు అంటించాను. పెయింటర్లు వాడే మామూలు టేపే, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. చప్పుడు గట్టిదనం పోయి మెత్తబడింది. బ్లూటూత్ బోర్డైతే విప్పేటప్పుడు బ్యాటరీ వైరు లాగేయకండి.

క్యాప్స్ లాక్‌తో తెలుగులో నాకు పనే లేదు. కీల పని మార్చే వయా అనే సాఫ్ట్‌వేర్‌లో దాన్ని విండోస్-స్పేస్‌గా మార్చుకున్నాను, ఒక్క నొక్కుతో తెలుగు నుంచి ఇంగ్లీషుకు మారొచ్చు. వయా క్రోమ్ లాంటి బ్రౌజర్‌లో నడుస్తుంది, కాకపోతే మీ బోర్డు దానికి సపోర్ట్ చేస్తుందో లేదో కొనేముందే చూసుకోండి.

మిగిలింది కీక్యాప్‌ల పని. మా ఎండలకు, చేతి చెమటకు ఏబీఎస్ ప్లాస్టిక్ క్యాప్‌లు త్వరగా అరిగి నిగనిగలాడతాయి, పీబీటీ ప్లాస్టిక్ మేలు. తెలుగు అక్షరాల స్టిక్కర్ల అంచులు అప్పుడే లేస్తున్నాయి. మళ్లీ అంటించేముందు కీలన్నీ స్పిరిట్‌తో తుడవాలి. వేళ్లు ఆనించి ఉంచే మధ్య వరసకు (హోమ్ వరస) మాత్రం ఇక అంటించను, అక్కడ వేళ్లకు దారి తెలుసు.