రాస్కల్స్ రికార్డులకు వరస పెట్టిన ఆదివారం

ఎదురింటి పెద్దాయన ఈ ఆదివారం మమ్మల్నందరినీ తన గరాజ్‌కి రమ్మన్నారు. పని ఏమిటంటే, రాస్కల్స్ ఆల్బమ్‌లన్నిటికీ ఎవరి వరస వాళ్ళు కాగితం మీద రాసుకొచ్చి, ఎందుకలా పెట్టారో అందరి ముందూ చెప్పాలి. రాస్కల్స్ అంటే మొదట్లో యంగ్ రాస్కల్స్. 1965లో మా న్యూజెర్సీలోనే, గార్ఫీల్డ్ ఊళ్ళో పుట్టిన బృందం. మేముండే పార్సిపనీ నుంచి రూట్ 46 పట్టుకుని తూర్పుకి వెళ్తే ఆ ఊరు ఎంతో దూరం కాదు. పెద్దాయన పెరిగింది ఆ చుట్టుపక్కలే. వాళ్ళ చెల్లెలుగారు కూడా వచ్చారు, ఇద్దరికీ డెబ్బై దాటాయి. చర్చిలో డ్రమ్స్ వాయించే మనవడు, ఆయనతో పాత ఆఫీసులో పనిచేసిన ఇద్దరు, నేను.

పొద్దున పెసరట్టు పిండి మిగిలితే అందులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం తరిగి వేసి పునుగులు వేశాను. మా ఆయన "అరవై ఏళ్ళ నాటి పాటలకి ఇప్పుడు ర్యాంకులేమిటి?" అంటూనే ఒక వాయి ప్లేట్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నారు. ఆయనకి ఈ పాటలంటే పెద్దగా పట్టదు. నాకు మాత్రం ఈ దేశం వచ్చిన కొత్తలో, తొంభైల చివర్లో, ఆఫీసుకి వెళ్ళే దారిలో సీబీఎస్-ఎఫ్ఎమ్ పెట్టుకునే అలవాటు వల్ల అబ్బింది. ఆ ఓల్డీస్ స్టేషన్లో 'గ్రూవిన్' వస్తే ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా బాధ ఉండేది కాదు. పాడుతున్నది నల్లజాతి గాయకుడేనని చాలాకాలం అనుకున్నాను. అలా అనుకున్నవాళ్ళు అప్పట్లోనూ బోలెడంతమంది. ఆ పాట 1967లో పాప్ చార్టులో మొదటి స్థానానికి వెళ్ళడమే కాక, నల్లవాళ్ళ రేడియో వినేవాళ్ళ ఆర్ అండ్ బీ చార్టులో కూడా మూడో స్థానం దాకా పోయింది.

నల్లవాళ్ళ సోల్ సంగీతాన్ని తెల్లవాళ్ళు పాడితే దాన్ని బ్లూ ఐడ్ సోల్ అంటారు. ఫిలడెల్ఫియా రేడియోలో జార్జీ వుడ్స్ ఈ మాటని అరవైల మధ్యలో వాడుకలోకి తెచ్చాడని చెబుతారు. రాస్కల్స్‌ది ఆ బాణీయే. బృందంలో నలుగురు: ఫీలిక్స్ కవలియేర్ ఆర్గాన్ వాయిస్తూ పాడతాడు, ఎడ్డీ బ్రిగాటీ పాడతాడు, జీన్ కార్నిష్‌ది గిటారు, డీనో డనెల్లీది డ్రమ్స్. బేస్ గిటారు వాయించే మనిషే లేడు. స్టేజీ మీద ఫీలిక్స్ హామండ్ ఆర్గాన్ కింది పెడల్స్ కాళ్ళతో తొక్కుతూ బేస్ తనే వాయించేవాడు. వాళ్ళని చేర్చుకున్నది అట్లాంటిక్ కంపెనీ, అంటే నల్లజాతి గాయకుడు రే చార్లెస్ రికార్డులు వేసిన కంపెనీ. ఆ గడప తొక్కిన తొలి తెల్ల రాక్ బృందాల్లో వీళ్ళదొకటి.

గరాజ్‌లో కార్లు బయటపెట్టి మడత కుర్చీలు వేశారు. రికార్డు ప్లేయరు ఒక బల్ల మీద, ఎల్పీలు, అంటే ఆ పెద్ద రికార్డులు, ఇంకో బల్ల మీద వరసగా. మొదటి మాట చెల్లెలుగారిది. ఆవిడ మొట్టమొదటి ఎల్పీని, 1966 మార్చిలో వచ్చిన 'ద యంగ్ రాస్కల్స్'ని, పైన పెట్టారు. మాలో ఎవరమూ పెట్టలేదు. కారణం అందరికీ తెలిసిందే. అందులో వాళ్ళు స్వయంగా రాసుకున్నది 'డూ యూ ఫీల్ ఇట్' ఒక్కటే, మిగిలినవన్నీ పైవాళ్ళవి. ఆవిడ ఒప్పుకోలేదు. పదిహేనేళ్ళ పిల్లగా వాళ్ళని పక్క ఊరి డ్యాన్సులో చూశానని, ఆ ఎల్పీలో వినిపించేది అచ్చంగా ఆ రాత్రి మోతేనని అన్నారు. స్కూలు పిల్లల్లా మోకాళ్ళ దాకా లాగులు, గుండ్రటి కాలర్ల చొక్కాలు వేసుకుని వచ్చారట. డీనో కర్రల్ని వేళ్ళ మధ్య గిరగిరా తిప్పుతుంటే ఆడపిల్లలు పాట వినడం మానేసి అతని చేతులే చూశారట. 'గుడ్ లవిన్' పెట్టమన్నారు. వన్, టూ, త్రీ అని అరుపు, వెంటనే ఆర్గాన్. చివరికి వస్తూ అన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. పాట అయిపోయిందనుకుని చెయ్యి చాచేలోగా మళ్ళీ లేస్తుంది. ఆ ఆగిన చోట ఆవిడ పిడికిలి గాల్లో పట్టి ఉంచారు, తిరిగి మొదలవగానే దింపారు. ఒక్క క్షణం కూడా ముందూ వెనకా కాలేదు.

పైవాళ్ళ పాటలు పాడితే తక్కువ అనే మాట నాకూ నచ్చదు. అందులోని 'మస్టాంగ్ శాలీ' సంగతే చూడండి. సోల్ గాయకుడు విల్సన్ పికెట్ పాటని వీళ్ళు పాడారనుకుంటారు చాలామంది. మొదట పాడింది మాక్ రైస్, 1965లో. వీళ్ళది 1966 మార్చి ఎల్పీలో ఉంది. పికెట్ రికార్డు ఆ ఏడాది చివర్లో, అదే అట్లాంటిక్ నుంచి వచ్చింది. అంటే వీళ్ళు ఎవరి వెనకో నడిచి పాడింది కాదు. అప్పుడు ఆ ఊళ్ళ క్లబ్బుల్లో ఏది కొత్తగా, వేడిగా ఉందో అది పాడారు. ఈ మాట చెబితే పెద్దాయన కళ్ళజోడు తీసి ఎల్పీ వెనక అట్ట మీది పేర్లు మళ్ళీ ఒకసారి చదువుకున్నారు.

'గ్రూవిన్' ఎల్పీ దగ్గర వాదన లేదు. దాదాపు అందరి కాగితాల్లోనూ అది మొదటిదో రెండోదో. కానీ ఆ పేరు పాట విన్నంతసేపూ ఎవరూ మాట్లాడలేదు. మొదట్లో పిట్టల కూతలు. డ్రమ్ సెట్ లేదు, చేత్తో వాయించే కాంగాలు మాత్రమే. కింద, రికార్డింగుకి బయటి నుంచి పిలిపించిన చక్ రైనీ బేస్ తొందరేమీ లేకుండా నాలుగడుగులు వేసి ఆగుతుంటుంది. వారమంతా కచేరీలే కాబట్టి ఫీలిక్స్‌కి ప్రేమించిన అమ్మాయితో గడపడానికి ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే మిగిలేదట, పాట అక్కణ్ణుంచి వచ్చింది. అట్లాంటిక్ వాళ్ళు దాన్ని విడుదల చెయ్యడానికే వెనకాడారు. ఇంతకు ముందు అరుస్తూ పాడినవాళ్ళు ఇలా మెత్తగా పాడితే ఎవరు కొంటారని. రేడియోలో పేరున్న మర్రీ ద కే పట్టుబట్టబట్టి బయటికొచ్చింది. అదే ఎల్పీలో 'హౌ కెన్ ఐ బి ష్యూర్' ఉంది. మూడు మాత్రల వాల్ట్జ్ నడక, అకార్డియన్, పైన ఎడ్డీ గొంతు. ప్రేమలో పడ్డవాడి అనుమానాన్ని అంత శుభ్రంగా పాడినవాళ్ళని నేను ఎక్కువమందిని వినలేదు.

నేను రెండో స్థానంలో 'కలెక్షన్స్' పెట్టాను. 1967 జనవరి. అక్కడే నాకూ మిగతావాళ్ళకీ పేచీ. అందరూ దాన్ని మధ్యలో ఎక్కడో పడేశారు. మొదటి ఎల్పీకీ 'గ్రూవిన్'కీ మధ్య మెట్టు మాత్రమే అని. 'ఐ హావ్ బీన్ లోన్లీ టూ లాంగ్' వినిపించాను. అందులో ఫీలిక్స్ ఒక్కడే పాడుతున్నట్టుంటుంది, కానీ వెనక నుంచి ఎడ్డీ, అతని అన్న డేవిడ్ అందుకుంటూ ఉంటారు. డేవిడ్ పేరు బృందంలో లేదు, రికార్డింగుల్లో మాత్రం ఆ వెనక గొంతుల్లో ఉంటాడు. బుర్రకథలో కథకుడు ఒక మాట విసిరితే అటూ ఇటూ వంతలు అందుకుని దాన్ని ఇంకో మెట్టు ఎక్కిస్తారు చూశారా, సరిగ్గా ఆ పని. వంతలు లేకపోతే కథకుడు ఎంత గొప్పవాడైనా కథ నిలబడదు. నా వరసంతా ఈ ఒక్క లెక్క మీదే నడిచింది. ఎడ్డీ, ఫీలిక్స్ ఒకరి మాటని ఒకరు అందుకుంటున్నారా లేదా? ఎన్ని హిట్లు ఉన్నాయి, చార్టులో ఎంత దూరం పోయింది అన్నది నేను చూడలేదు.

ఆ లెక్కనే 'వన్స్ అపాన్ ఎ డ్రీమ్' నాకు మూడోది. 1968 ఫిబ్రవరి. పేరులోంచి 'యంగ్' తీసేసిన మొదటి ఎల్పీ. అట్ట మీద డీనో చేతులతో చేసిన శిల్పం ఉంటుంది, అతను బొమ్మలు కూడా వేసేవాడు. ఇందులో 'సత్వ' అని ఒక పాట ఉంది, సితారు, తబలాతో. అప్పట్లో బ్రిటన్లోనూ అమెరికాలోనూ చాలా బృందాలు సితారు పట్టుకున్నాయి కాబట్టి ఇది ఫ్యాషనే కదా అని ఒకాయన తీసిపారేశారు. ఫీలిక్స్ విషయంలో అలా కాదు. కోయంబత్తూరు దగ్గర పుట్టి, 1966లో న్యూయార్క్ వచ్చిన స్వామి సచ్చిదానందకి అతను శిష్యుడయ్యాడు. వుడ్‌స్టాక్ ఉత్సవాన్ని 1969 ఆగస్టులో ప్రారంభిస్తూ మాట్లాడిన స్వామీజీ ఆయనే. ఫీలిక్స్ జీవితంలో ఆ సంబంధం చాలాకాలం నడిచింది. తర్వాతి ఆల్బమ్‌లలో శాంతి, వెతుకులాట అంటూ వచ్చిన పాటల వెనక అదే ఉందని నా నమ్మకం. ఈ సంగతి చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరిగింది.

ఇక 'ఫ్రీడమ్ స్వీట్'. 1969 మార్చి, రెండు ఎల్పీలు. సాయంత్రంలో సగం దీనికే పోయింది. మొదటి ఎల్పీలో 'పీపుల్ గాట్ టు బీ ఫ్రీ' ఉంది. 1968లో మార్టిన్ లూథర్ కింగ్‌ని, ఆ తర్వాత రాబర్ట్ కెనడీని చంపేశాక రాసిన పాట. ఆగస్టులో మొదటి స్థానానికి వెళ్ళి ఐదు వారాలు కదల్లేదు. పాట పాడి ఊరుకోలేదు వీళ్ళు. తమ కచేరీల్లో నల్లజాతి కళాకారులు కూడా వేదికెక్కాలని షరతు పెట్టారు. దానివల్ల దక్షిణాది రాష్ట్రాల్లో కచేరీలు పోయాయి. పోతే పోనీ అన్నారు. పెద్దాయన ఈ ఆల్బమ్‌ని మొదట పెట్టడానికి కారణం అదొక్కటే. "పాడింది చేశారు" అన్నారు, ఇంకేమీ అనలేదు.

రెండో ఎల్పీలో పాటల్లేవు, వాయిద్యాలే. 'బూమ్' అని డీనో డ్రమ్స్ సోలో పది నిమిషాలు దాటి పోతుంది. మనవడికి అదే ప్రాణం. పూర్తిగా పెట్టించాడు. మోకాళ్ళ మీద వాయిస్తూ, ఎడమచేతి పట్టు చూడండి, జాజ్ వాళ్ళ పట్టు అది అని మాకు చూపించాడు. డీనో 2022 డిసెంబరులో పోయాడు. ఆ కుర్రాడు పుట్టేనాటికే ఆ రికార్డుకి మూడు దశాబ్దాల పైనే. అయినా అందులో ఎక్కడ ఏ దెబ్బ పడుతుందో వాడికి ముందే తెలుసు. వాడి ఇష్టాన్ని కాదనను. కానీ నేను దాన్ని నాలుగో చోటనే ఉంచాను. నలుగురూ కలిసి పాడగలిగినంత బాగా పాడుతున్న రోజుల్లో ఒక ఎల్పీ మొత్తం గొంతులు లేకుండా వదిలేయడం నాకు నష్టంగానే అనిపిస్తుంది. ఆ మొదటి ఎల్పీ ఒక్కటే విడిగా వచ్చి ఉంటే 'గ్రూవిన్'తో పోటీ పడేది.

తర్వాతవి త్వరగా అయిపోయాయి. 'సీ' 1969 చివర్లో వచ్చింది, అట్ట మీద చిత్రకారుడు మాగ్రిట్ గీసిన పెద్ద పక్షి, దాని ఒంటి నిండా మబ్బులు. అందులో 'క్యారీ మీ బ్యాక్' బాగుంటుంది. 1970లో ఎడ్డీ వెళ్ళిపోయాడు. 1971లో 'సెర్చ్ అండ్ నియర్‌నెస్', అట్లాంటిక్‌కి అదే ఆఖరిది. జీన్ కూడా వెళ్ళాక ఫీలిక్స్, డీనో కొలంబియా రికార్డు కంపెనీకి మారి కొత్తవాళ్ళతో ఇంకో రెండు చేశారు. అవి చెడ్డవని ఎవరూ అనలేదు. ఫీలిక్స్ గొంతు ఎక్కడికీ పోలేదు, ఆర్గాన్ కూడా ఉంది. మాట విసిరితే అందుకునేవాడే లేడు. ఆ ఖాళీ నాకు ప్రతి పాటలోనూ వినిపిస్తుంది.

'టైమ్ పీస్' లెక్కలోకి వస్తుందా రాదా అని మధ్యలో చిన్న గొడవ. 1968 వేసవిలో వచ్చిన హిట్ల కూర్పు అది. వీళ్ళ ఆల్బమ్‌లలో చార్టులో మొదటి స్థానానికి వెళ్ళింది కూడా అదొక్కటే. పాత ఆఫీసు మిత్రుడొకాయన దాన్నే మొదట పెట్టుకొచ్చారు. ఆ రోజుల్లో ఇంటింటా ఉన్నది అదే కదా, మిగతావి ఎవరు కొన్నారు అని ఆయన వాదన. అందులో నిజం లేకపోలేదు. ఒక్కో పాటా విడి రికార్డుగా అమ్ముడైన సింగిల్స్ కాలం బృందాన్ని ఎల్పీల కొలతతో కొలిస్తే కొంత అన్యాయం జరుగుతుంది. అయినా కూర్పుని కలిపితే ఇక వరస పెట్టడానికి ఏముంటుంది? పెద్దాయన దాన్ని విడిగా ఒక మూల రాసి ఊరుకున్నారు.

చీకటి పడే వేళకి పునుగుల గిన్నె ఖాళీ. అందరి మార్కులూ కూడి ఒక జాబితా చేద్దామని మనవడు ఫోన్ తీశాడు. చెల్లెలుగారు వద్దన్నారు. నా మొదటిది మీ లెక్కల్లో ఐదోది అయిపోవడానికి నేను ఒప్పుకోను అన్నారు. ఆవిడ పక్షమే నేనూ. కాగితాలు ఎవరివి వాళ్ళం పట్టుకొచ్చేశాం.

నాకు మాత్రం ఒక పని తగిలించి పంపారు. కొలంబియాకి వీళ్ళు చేసిన మొదటి ఆల్బమ్ 'పీస్‌ఫుల్ వరల్డ్', రెండు ఎల్పీలు, చేతిలో పెట్టి, ఎడ్డీ లేడన్న మాట మరిచిపోయి ఒకసారి విను అన్నారు పెద్దాయన. అందులో ఆలిస్ కోల్ట్రేన్ హార్ప్ వాయించింది, హ్యూబర్ట్ లాస్ ఫ్లూటు, రాన్ కార్టర్ బేస్. ఎడ్డీ లేడన్నది ఎలా మరిచిపోతానో తెలీదు. అయినా రేపు ఆఫీసు నుంచి రాగానే హార్ప్ ఉన్న వైపు ముందు పెడతాను. నచ్చితే దాన్ని 'సీ' కంటే పైకి జరుపుతానని మాటిచ్చాను.