ఇంటి కంప్యూటర్ నుంచి సర్వర్‌కి వెబ్‌సైట్ ఎక్కించడం: నా అనుభవం

శ్రీకాళహస్తి కలంకారి కళాకారుల కుటుంబం ఒకదానికి చేసిన వెబ్‌సైట్‌ని తిరుపతిలో మా ఇంటి కంప్యూటర్ నుంచే సర్వర్‌కి ఎక్కించాను. డేటాబేస్ లేని మామూలు సైటు అది. కొన్ని పేజీలు, ఒక స్టైల్ ఫైలు, ఒక తెలుగు ఫాంటు ఉంటాయి, మిగతాదంతా ఫొటోలే. ఫైళ్లు వెళ్లడానికి నిమిషాలే పడుతుంది. అసలు పనంతా అంతకుముందే, మన విండోస్ ఫోల్డర్‌ని అవతలి లినక్స్ సర్వర్‌కి సరిపడేలా చేసుకోవడంలో ఉంది.

మొదట ఫొటోలు. ఫోన్‌లో తీసిన ఒక్కో ఫొటో 4, 5 ఎంబీ ఉంటుంది. వెడల్పు 1600 పిక్సెళ్లకు తగ్గించి, జేపీఈజీ నాణ్యత 80 దగ్గర పెట్టి సేవ్ చేస్తే చాలావరకు అర ఎంబీ చుట్టుపక్కలకు దిగుతుంది. కలంకారికి 80 కన్నా బాగా కిందికి పోకూడదని నా అభిప్రాయం. కలంతో గీసిన నల్లటి సన్న గీత చుట్టూ మసక చుక్కలు వస్తాయి, పనితనమంతా ఆ గీతలోనే కదా. సేవ్ చేసేటప్పుడు ఫొటోలో దాగి ఉండే లొకేషన్ వివరం కూడా తీసేయాలి. లేకపోతే ఫొటో దించుకున్నవాళ్లకి ఆ ఇల్లు ఎక్కడుందో మ్యాపులో తెలిసిపోతుంది.

తర్వాత పేర్లు. విండోస్‌కి పెద్ద అక్షరం, చిన్న అక్షరం ఒకటే. లినక్స్‌కి రెండూ వేర్వేరు. కెమెరా ఇచ్చిన ఫైలు చివర జేపీజీ అని పెద్ద అక్షరాల్లో ఉండి, పేజీలో చిన్న అక్షరాల్లో రాస్తే ఇంట్లో బొమ్మ కనిపిస్తుంది, సర్వర్‌లో ఫైలు దొరకలేదన్న 404 వస్తుంది. ఫాంటు ఫైలుకీ ఇదే గతి. మండలి అనే తెలుగు ఫాంటు పేరులో మొదటి అక్షరం తేడా వస్తే పేజీ ఆగిపోదు గానీ తెలుగంతా ఫోన్‌లో ఉన్న మామూలు ఫాంటులో కనిపిస్తుంది, ఎందుకో వెంటనే తట్టదు. నేను ఫైళ్ల పేర్లన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చి, ఖాళీల బదులు హైఫన్ పెడతాను. మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్‌లోని పవర్‌రీనేమ్ ఫోల్డర్ మొత్తానికీ ఒకేసారి ఆ పని చేస్తుంది. పేజీల్లోని లింకులు మాత్రం మనమే మార్చాలి.

ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టవచ్చు, కానీ నేను పెట్టను. వెబ్‌లో అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. కలంకారి అన్న మాటలో సున్నా, గుణింతాలతో కలిపి 7 సంకేతాలు, అంటే 21 బైట్లు. వెబ్ చిరునామాలో ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలుగా మారుతుంది, మొత్తం 63. ఆ లింకుని వాట్సాప్‌లో పంపితే ఎవరికీ చదవడానికి రాదు. పైగా కొన్ని జిప్ ప్రోగ్రాములు తెలుగు పేర్లను విప్పేటప్పుడు పాడుచేస్తాయి.

మన ఊళ్లలో ఇంకో ఇబ్బంది తప్పకుండా ఎదురవుతుంది. కరపత్రం కోసం డీటీపీ షాపులో అను అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టించిన మేటర్‌నే సైటుకీ ఇస్తారు. అది ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే చదవగలిగే యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కనిపిస్తాయి. కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు ఒక్కొక్కటిగా చూసుకోవాలి. ఎక్కువగా చెడేది అక్కడే. పేజీని బీఓఎం (ఫైలు మొదట్లో కనిపించకుండా చేరే గుర్తు) లేని యూటీఎఫ్-8గా సేవ్ చేసి, పేజీ తలభాగంలో క్యారెక్టర్ సెట్ కూడా యూటీఎఫ్-8 అని రాయాలి.

ఇక కనెక్షన్. ఫైళ్లు పంపే ప్రోగ్రాం ఫైల్‌జిల్లా ఉచితం, తెరవగానే ఎడమ పక్క మన కంప్యూటర్, కుడి పక్క సర్వర్ కనిపిస్తాయి. ప్రొటోకాల్ (ఫైళ్లు పంపే పద్ధతి) దగ్గర, అన్నిటినీ గుప్తంగా పంపే ఎస్ఎఫ్‌టీపీ ఎంచుకోండి. పాత ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ దారిలో ఎవరైనా చదవగలిగేలా వెళుతుంది. అదీగాక దానికి రెండు కనెక్షన్లు కావాలి: ఆజ్ఞలకు 21వ పోర్టు, ఫైళ్లకు ఇంకొకటి. యాక్టివ్ మోడ్‌లో ఆ రెండోదాన్ని సర్వరే మన ఇంటివైపు తెరవాలి. చాలా ఇళ్ల ఇంటర్నెట్‌కి బయటి చిరునామా నలుగురితో కలిపి ఉంటుంది కాబట్టి అది లోపలికి రాలేదు. లాగిన్ అయిపోయి ఫోల్డర్ జాబితా దగ్గర ఆగిపోతే కారణం ఎక్కువగా ఇదే, రెండో కనెక్షన్‌నీ మన కంప్యూటరే తెరిచే పాసివ్ మోడ్ పెట్టాలి. ఎస్ఎఫ్‌టీపీకి ఈ బాధ లేదు. మామూలుగా 22వ పోర్టు మీద ఒక్క కనెక్షన్‌తోనే అంతా నడుస్తుంది. కొన్ని హోస్టింగులు (సర్వర్‌లో చోటు అద్దెకిచ్చే సంస్థలు) వేరే పోర్టు ఇస్తాయి, వాళ్లు పంపిన మెయిల్లో చూసుకోవాలి.

సర్వర్‌ని బ్రౌజర్ నుంచి చూసుకునే సీప్యానెల్ ఉన్న హోస్టింగ్‌లో విడిగా సృష్టించుకున్న ఎఫ్‌టీపీ ఖాతాలు ఎస్ఎఫ్‌టీపీకి పనిచేయవు, ప్రధాన యూజర్ పేరే వాడాలి. ఎఫ్‌టీపీలో 530 అని వస్తే ఎక్కువగా పేరో పాస్‌వర్డో తప్పు. మొదటిసారి కలిసినప్పుడు ఫైల్‌జిల్లా సర్వర్ వేలిముద్ర (దాన్ని గుర్తుపట్టే అక్షరాల వరస) చూపించి నమ్మమంటారా అని అడుగుతుంది. హోస్టింగ్ వాళ్లు ఇచ్చినదానితో సరిపోల్చి ఒప్పుకోవాలి. ఫైల్‌జిల్లాలో పాస్‌వర్డ్ దాచుకుంటే మాస్టర్ పాస్‌వర్డ్ కూడా పెట్టండి. అది లేకుండా దాచినదాన్ని ఆ కంప్యూటర్ వాడే ఎవరైనా సులువుగా బయటికి తీస్తారు.

వేగం లెక్క ఇలా వేసుకోవాలి. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ అంటే సెకనుకు 20 మెగాబిట్లు, 8 బిట్లు ఒక బైటు కాబట్టి 8తో భాగించగా సెకనుకు 2.5 ఎంబీ. 150 ఎంబీకి నిమిషం చాలాలి. కానీ వందల చిన్న ఫైళ్లుగా పంపితే అంతకు ఎన్నో రెట్లు పడుతుంది, ఎందుకంటే ప్రతి ఫైలుకీ సర్వర్‌తో కొన్నిసార్లు రాకపోకలు జరగాలి. సర్వర్ అమెరికాలో ఉంటే ఒక్కో రాకపోకకే 200 మిల్లీసెకన్లు దాటుతుంది. అందుకే నేను అన్నిటినీ ఒక్క జిప్‌గా కట్టి పంపి, సర్వర్ ఫైల్ మేనేజర్‌లో విప్పుతాను. ఫోల్డర్‌ని బయటనుంచి జిప్ చేయకూడదు, లోపలికి వెళ్లి అన్నీ ఎంచుకుని చేయాలి. లేకపోతే విప్పినప్పుడు ఫోల్డర్‌లో ఫోల్డర్ ఏర్పడి, సైటు తెరిస్తే చాలావరకు అనుమతి లేదన్న 403 వస్తుంది. ఇండెక్స్ పేజీ (సైటు మొదటి పేజీ) సరిగ్గా సర్వర్‌లోని పబ్లిక్ అండర్‌స్కోర్ హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్ మొదట్లోనే ఉండాలి. విప్పిన వెంటనే ఆ జిప్‌ని సర్వర్ నుంచి తీసేయాలి, అక్కడే ఉంటే పేరు ఊహించినవాళ్లు సైటు మొత్తం దించుకోవచ్చు.

నవంబరు వానల్లో తిరుపతిలో కరెంటు పోయి వస్తూ ఉంటుంది. ల్యాప్‌టాప్ ఆగకపోయినా ఫైబర్ మోడెం ఆగుతుంది. ఆ మోడెంలు చాలావరకు 12 వోల్టులవి, వాటికి సరిపోయే చిన్న యూపీఎస్ దొరుకుతుంది. మధ్యలో తెగితే ఫైల్‌జిల్లా మిగిలిన భాగం నుంచి కొనసాగించమంటారా అని అడుగుతుంది, ఒప్పుకోవచ్చు. సగమే చేరిన ఫొటో అయితే కింది భాగం బూడిద రంగులో కనిపిస్తుంది. పూర్తయ్యాక ఫెయిల్డ్ ట్యాబ్ ఖాళీగా ఉందో లేదో చూసి, జిప్ సైజు రెండు పక్కలా బైట్లతో సహా సరిపోల్చుకోవాలి. ఎస్ఎఫ్‌టీపీ ఫైలుని ఉన్నదున్నట్టు పంపుతుంది కాబట్టి ఒక్క బైటు కూడా తేడా ఉండకూడదు.

ఎవరు చదవొచ్చో, ఎవరు మార్చొచ్చో చెప్పే అనుమతులు ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644. అన్నిటికీ 777 ఇస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే వినవద్దు. 777 అంటే ఎవరైనా మార్చవచ్చని, కాబట్టి సర్వర్‌లో ఇంకెవరి ఖాతా హ్యాక్ అయినా మీ ఫైళ్లు మార్చేసే వీలు వస్తుంది.

చివరి పరీక్ష సైటు తయారుచేసిన కంప్యూటర్‌లో చేయవద్దు. పేజీలో ఎక్కడైనా సీ డ్రైవ్ దారి మిగిలిపోయి ఉంటే, ఇంటి ఫోల్డర్ నుంచి తెరిచినప్పుడు కనిపించిన ఆ బొమ్మ బయటివాళ్లెవరికీ కనిపించదు. దాచుకున్న పాత కాపీని చూపించి బ్రౌజర్ కూడా మోసం చేస్తుంది. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద, ప్రైవేట్ ట్యాబ్‌లో ప్రతి పేజీ తెరిచి చివరిదాకా జరుపుతూ చూడాలి. తర్వాత కొత్త ఫొటోలు చేర్చాల్సి వస్తే జిప్ అక్కర్లేదు. ముందు ఫొటోలు, ఆ తర్వాత వాటిని చూపించే పేజీ, ఈ వరసలో పంపితే ఎక్కిస్తున్న సమయంలో సైటు చూసేవాళ్లకి ఖాళీ పెట్టెలు కనిపించవు.