పడకకు ఇద్దరు నర్సులట!

మా విజయనగరం పైడితల్లమ్మ పండగ, సిరిమానోత్సవం, అయి వారం గడిచింది. కాళ్ల నొప్పులు తగ్గాయి, కోపం తగ్గలేదు. అది కూడా తగ్గేలోపు రాసేయాలని కూర్చున్నాను.

విజయనగరంలో ఒక ఆసుపత్రిలో కాన్పుల ఐసీయూకు ఇన్‌చార్జ్ సిస్టర్‌ని నేను. మావి ఎనిమిది పడకలు. గర్భంతో బీపీ పెరిగి, గుర్రపువాతంతో ఫిట్స్ వచ్చినవాళ్లు, కాన్పయ్యాక రక్తం ఆగనివాళ్లు, గుండె జబ్బుతోనే నెలలు మోసినవాళ్లు, సాలూరు, కురుపాం వైపు నుంచి 108లో దిగేవాళ్లు మా దగ్గరికే వస్తారు. ఈ ఏడాది నుంచి డ్యూటీ చార్టు వేసే పని కూడా నాదే.

చార్టు గీయడం పెద్ద విద్య కాదు. ఉదయం ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి ఎనిమిది, రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారి ఎనిమిది. ముందు పెన్సిలుతో గీయండి. కొత్తవాళ్లిద్దరిని ఒకే రాత్రి వేయకండి; నేను ఒకసారి వేశాను, ఆ రాత్రంతా ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చున్నాను. బొబ్బిలి నుంచి రైల్లో వచ్చే అమ్మాయికి మధ్యాహ్నం డ్యూటీ వేస్తే ఓవర్ ఇచ్చేటప్పుడు, అంటే తర్వాతి డ్యూటీవాళ్లకు పేషెంట్లను అప్పజెప్పేటప్పుడు, ఆమె కళ్లు గడియారం మీదే ఉంటాయి, చెప్పాల్సిన మాట ఒకటి మింగేస్తుంది. ఇక నడుము నొప్పి సర్టిఫికెట్ తెచ్చి నాలుగేళ్లుగా నైట్ చేయని ఒక పెద్దమ్మ మాలోనూ ఉంది. ఆ నడుమే పెళ్లిళ్లలో ఎంత చక్కగా వంగుతుందో నేను చూశాను. పండగ మంగళవారం సెలవు కావాలని అందరూ అడిగితే చీటీలు తీశాం. అక్కడితో ఆ గొడవ తీరిపోయింది.

తీరనిది లెక్క. మాకు ఉదయం నలుగురు, మధ్యాహ్నం ముగ్గురు, రాత్రి ముగ్గురు కావాలి. గంటల్లో చెప్పాలంటే రోజుకు 78, వారానికి 546. ఒక్కొక్కరికి వారానికి 36 గంటల డ్యూటీ. అంటే సెలవులూ జ్వరాలూ లేకపోయినా పదిహేను మంది చాలరు. రిజిస్టర్‌లో నన్ను వదిలేస్తే పద్నాలుగు పేర్లున్నాయి. అందులో ఒకమ్మాయి 180 రోజుల ప్రసూతి సెలవులో ఉంది. ఇంకొకమ్మాయిని డెప్యుటేషన్ పేరుతో వేరేచోట కాగితాల పనికి కూర్చోబెట్టారు. మిగిలిన పన్నెండు మంది ఇచ్చేది 432 గంటలు. వారానికి 114 గంటలు లోటు. రాత్రి ముగ్గురి బదులు ఇద్దరిని వేసి 84 గంటలు మింగాను. మిగిలిన 30 గంటలకు, అంటే ఐదు మధ్యాహ్నాలకు, నేనే నిలబడ్డాను.

అలా ఇద్దరున్న ఒక రాత్రి ఈ కథ మొదలైంది. రెండు పడకల్లో గుర్రపువాతం కేసులు, ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ నడుస్తోంది. నాలుగు గంటలకోసారి ఇంజెక్షన్. మధ్యలో గంటగంటకూ మోకాలి జర్కు (మోకాలి కింద తడితే కాలు ఎగరడం) చూడాలి, ఊపిరి లెక్కపెట్టాలి, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకుండా ఉందో లేదో కొలవాలి. ఆ మందు ఎక్కువైతే ముందు జర్కు పోతుంది, తర్వాత ఊపిరే ఆగిపోతుంది. అందుకే విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కనే పెట్టుకుంటాం. సిజేరియన్ అయిన ఒకామెను ఒంటిగంటకు రక్తస్రావంతో తెచ్చారు. ఒకరు గర్భసంచి పైనుంచి చేయి తీయకుండా మర్దన, ఒకరు రక్తం ఎక్కించడం. రక్తం మొదలుపెట్టిన మొదటి పదిహేను నిమిషాలు పేషెంటు పక్కనుంచి కదలకూడదు. మూడింటికి ఆమె ప్రాణం నిలబడింది. మిగతా ఇద్దరికీ ఏమీ కాలేదు. కానీ వాళ్ల చార్టుల్లో ఒంటిగంట నుంచి మూడు వరకు గడులు ఖాళీ. రెండింటి ఇంజెక్షన్ ఇరవై నిమిషాలు ఆలస్యం.

నేను ఆ ఖాళీ గడుల నకళ్లు పట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. డెప్యుటేషన్ అమ్మాయిని వెనక్కి పంపమని అడగడానికి ఇంతకంటే సాక్ష్యం ఏముంటుందనుకున్నాను. నా అమాయకత్వం అది.

మొదటి రోజు బీరువా పక్కన నిలబెట్టారు. కుర్చీ ఖాళీగానే ఉంది, దాని మీద ఫైళ్లు కూర్చున్నాయి. రెండో రోజు సెక్షన్‌లో ఒకాయన రిజిస్టర్ తిరగేసి, "పద్నాలుగు మంది ఉన్నారు కదమ్మా. పడకలు ఎనిమిది. దాదాపు పడకకు ఇద్దరు నర్సులు! ఇంకా ఎంతమంది కావాలి?" అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు. నర్సులు కూడా నిద్రపోతారని, రాత్రి డ్యూటీ చేసినవాళ్లు తెల్లవారి మళ్లీ రారని చెప్పబోతే, "మీకు లెక్కలు రావా సిస్టర్?" అన్నాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో డ్రిప్పు చుక్కల లెక్క ఏనాడూ తప్పని మనిషిని నేను. జవాబు నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఇంటికి వెళ్లాక బియ్యం కడుగుతుంటే వచ్చింది, ఏం లాభం?

నాలుగో రోజు మెమో వచ్చింది. నాకే! "చార్టులో రెండు గంటల వివరాలు నమోదు చేయకపోవడానికి కారణం 48 గంటల్లో తెలపండి." నేను ఇచ్చిన సాక్ష్యం నా మీదే కేసయింది. ఆ సెక్షన్ ఆయనే గొంతు తగ్గించి, "ఆ రోజే ఏవో అంకెలు వేసేసి ఉంటే పోయేది కదమ్మా" అన్నాడు. ఊపిరి పద్దెనిమిది, జర్కు ఉంది, మూత్రం నలభై అని రాయడానికి నిమిషం పట్టదు నిజమే. చూడని ఊపిరిని చూసినట్టు రాయమంటాడు! నా దగ్గర చేరే నర్సు పిల్లలకు మొదటి రోజే చెబుతాను, ఖాళీ వదలండి, అబద్ధం మాత్రం రాయకండని. ఆ రాత్రి వాళ్లిద్దరూ ఖాళీ వదిలారంటే అది నా పెంపకమే. గొప్పకు చెప్పుకుంటున్నానంటే చెప్పుకుంటున్నాను.

సంజాయిషీలో క్షమాపణ రాయలేదు. పై లెక్కంతా ఒకే పేజీలో రాశాను: 546, 432, 114. కింద ఆ రెండు గంటల్లో ఎవరి చేయి ఎక్కడుందో నిమిషాలతో సహా పెట్టాను. లోపల ఇచ్చి ఊరుకోలేదు, నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకున్నాను. మీరు ఇంకేం మరిచినా ఆ ముద్ర మరవకండి. తర్వాత నాలుగుసార్లు "ఏ కాగితం?" అని అడిగారు, నాలుగుసార్లూ చూపించాను.

పంతొమ్మిదో రోజున ఆ అమ్మాయి వెనక్కి వచ్చింది. ఎందుకు పంపారో ఎవరూ చెప్పలేదు, మెమో రద్దయిందనీ చెప్పలేదు. ఆమె 36 గంటలతో 432 కాస్తా 468 అయింది, వారంలో మూడు రాత్రులు ముగ్గురిని వేయగలిగాను. తొలేళ్ల సోమవారం ఒకటి, సిరిమాను మంగళవారం ఒకటి. ఆ మంగళవారం అమ్మవారి గుడి ఉన్న మూడు లాంతర్ల వైపు దారులన్నీ మూసేస్తే పాపం జనంలోంచి నడుచుకుంటూ ఎనిమిదిన్నరకు చేరింది, చెప్పులు చేత్తో పట్టుకుని. నేను ఏమీ అనలేదు. ఓవర్ ఇచ్చి బయటికి వచ్చాను. అమ్మవారి సంబరం ఈసారీ చూడలేదు.

నా ఐదు మధ్యాహ్నాలు అలాగే ఉన్నాయి. నిన్న ఆఫీసుకు నెలవారీ ఫారం పంపాను. అందులో 'నర్సుల సంఖ్య' అనే గడి ఒక్కటే ఉంటుంది. 14 అని రాసి, పక్కన మార్జిన్‌లో ఎర్ర సిరాతో 468 గంటలు అని రాశాను. ఈ ఉదయం ఫోను వచ్చింది, ఆ 468 ఏమిటి సిస్టర్ అని.