టికెట్ వెనకాల రాసిన చిల్లర

పదకొండున్నర దాటింది. నాన్న గదిలో లైటు ఆరింది కానీ నిద్రపోలేదని తెలుసు. సాయంత్రం చిన్నాయన ఫోన్‌లో అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "ఏంది పాపా, మీ నాన్నకి కరెంటు పెట్టిస్తావంట? పిచ్చోణ్ణి చేసి పంపిస్తావా హిందూపురానికి?"

ఎవరు చెప్పారో మరి. పోయిన వారం నాన్న డిప్రెషన్‌కి డాక్టరు ఈసీటీ, అదే తలకి కొద్దిగా కరెంటు పెట్టే చికిత్స, మాట ఎత్తినప్పుడు గదిలో ఉన్నది నేనూ మా ఆయనా. చిన్నాయన వయసులో పెద్ద కదా అని ఊరుకుంటే ఆపడే. ఖాళీగా కూర్చోబెట్టి మేపబట్టే ఈ జబ్బట, నాలుగు రోజులు పొలంలో తిప్పితే సరిపోతుందట. ఏడాదిన్నరలో ఒక్కసారి వచ్చి అన్న పక్కన కూర్చున్నాడా ఈ మనిషి? ఇప్పుడు మత్తు ఇచ్చి, కండరాలు బిగుసుకోకుండా మందిచ్చి చేస్తారు, మత్తు లేకుండా చేయడాన్ని 2017 చట్టమే నిషేధించింది అని చెప్పాను. "సినిమాల్లో చూళ్ళేదా" అన్నాడు. ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత చాలాసేపు చేతులు వణుకుతూనే ఉన్నాయి.

రెండు మందులు అయ్యాయి కదా, పూర్తి డోసులో, రెండేసి నెలలు. రెండింటికీ లొంగకపోతే మొండి డిప్రెషన్ కింద లెక్కట. ఇప్పుడు వాటికి తోడు లిథియం అనే మందు కలిపారు. దానికీ తగ్గకపోతే టీఎంఎస్, లేదంటే ఈసీటీ. టీఎంఎస్‌కి మత్తు అక్కర్లేదు, తలకి అయస్కాంతపు కాయిల్ ఆనిస్తారు, కానీ వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు, ఈ బెంగళూరులో మారతహళ్ళి నుంచి సిల్క్ బోర్డ్ దాటి వెళ్ళాలి. సెలవులు కూడా లెక్కేసుకున్నాను. ఈసీటీ అయితే వారానికి రెండు మూడుసార్లే, గుణం తొందరగా కనిపిస్తుందట, కాకపోతే జ్ఞాపకాలు కొన్ని చెదరొచ్చు. చాలావరకు సర్దుకుంటాయి, కొన్ని రాకపోనూవచ్చు అన్నారు.

ఆ మాట దగ్గరే ఆగిపోయాను. వేసవి సెలవుల్లో నాన్న నన్ను డ్యూటీకి తీసుకెళ్ళి డ్రైవర్ వెనక సీట్లో కూర్చోబెట్టేవాడు. టికెట్ల ట్రే చేతిలో, విజిల్ నోట్లో. గౌరిబిదనూరు, దొడ్డబళ్ళాపురం, యలహంక అని అరిచేవాడు. చిల్లర లేకపోతే టికెట్ వెనకాల ఎంతివ్వాలో రాసి, చుట్టూ సున్నా చుట్టేవాడు. ఎవరూ అడగక్కర్లేదు, తనే గుర్తుపెట్టుకుని సీటు సీటుకీ వచ్చి ఇచ్చేవాడు. ఓసారి దొడ్డబళ్ళాపురంలో ఒక ముసలామె రెండు రూపాయలు తీసుకోకుండా దిగిపోయింది. నాన్న బస్సు ఆపించి వెనక్కి పరిగెత్తి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కొంగున ముడేసుకునేదాకా అక్కడే నిలబడ్డాడు, డ్రైవర్ హారన్ కొడుతున్నా సరే.

ఆ మనిషి తలలోంచి గౌరిబిదనూరు పోతుందేమోనని నా భయం. అందుకే టీఎంఎస్ అనే ఖాయం చేసుకున్నాను. కానీ ఇది రాస్తుంటే వేరేలా అనిపిస్తోంది. ఆ ఊళ్ళన్నీ లోపలున్నా ఏడాదిన్నరగా ఒక్కటీ నోటికి రాలేదు కదా. పొద్దస్తమానం గోడవైపు తిరిగి, దుప్పటి అంచుని బొటనవేలితో టికెట్ మడిచినట్టు మడుస్తూ పడుకుంటాడు. ఈసీటీ వద్దని నేనెందుకంత గట్టిగా అనుకున్నాను? నిమ్హాన్స్‌లో, అదే ఇక్కడి పెద్ద మానసిక వైద్యశాలలో, ఇంకో డాక్టరుని అడుగుదాం అని ఈయన అంటున్నారు, అడగాలి. కానీ ఆ రోజు మేం మాట్లాడుకున్నంతసేపూ నాన్న బయట కుర్చీలో ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నీకేం కావాలి నాన్నా అని చిన్నాయనా అడగలేదు, నేనూ అడగలేదు.

ఇవాళ ఆటో దిగినప్పుడు నూట ఎనభైకి రెండొందలిచ్చి, అతను చిల్లర లేదంటే పోనీలే అని వచ్చేస్తున్నాను. గేటు దగ్గర నాన్న ఆగాడు. "ఇరవై రావాల కదా" అన్నాడు. అంతే, ఇంకేం మాట్లాడలేదు. నేను మళ్ళీ వెనక్కి వెళ్ళి తెచ్చాను.

రాత్రి మాత్ర వేసిన పన్నెండు గంటలకి లిథియం పరీక్షకి రక్తం తీయాలట, అంటే రేపు తొమ్మిదింటికి ల్యాబ్‌లో ఉండాలి. దారిలో అడుగుతాను.