అప్పు తీరే ఏడు, జీతం ఆగే ఏడు

నాన్నకి మొదటి పెన్షన్ పడిన రోజు నాకింకా గుర్తుంది. 2019లో, గాజువాకలో మా ఇంట్లో, మధ్యాహ్నం భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని చదివి, ఫోన్ నా చేతికిచ్చి "ఇదేటమ్మా, ఒక సున్నా తక్కువ పడిందా?" అన్నారు. మూడు వేల చిల్లర. సున్నా తక్కువ పడలేదు, లెక్క సరిగానే ఉంది. ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో ఇరవై మూడేళ్లు చేసి చివర్లో ముప్పై వేల జీతం తీసుకున్న మనిషి, పక్క వీధిలో రైల్వేలో రిటైరైన మావయ్య గారికి వస్తున్నట్టే తనకీ జీతంలో సగం వస్తుందనుకున్నారు. ఇంట్లో అందరం అలాగే అనుకున్నాం, కాగితం తీసి లెక్క వేసిన వాళ్లం ఒక్కరం లేం.

ఆ లెక్క నిజానికి చాలా చిన్నది. 1995 నవంబర్‌లో మొదలైన ఈపీఎస్ (పీఎఫ్ ఉన్న ఉద్యోగులకిచ్చే పెన్షన్ పథకం) పెన్షన్‌లో జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. మెలిక అంతా 'జీతం' దగ్గరే ఉంది. మీరు నెలకు లక్ష తీసుకుంటున్నా, మామూలుగా చాలామందికి పెన్షన్ లెక్కలోకి వచ్చే జీతం 2014 ఆగస్టు వరకు 6,500, ఆ తర్వాత 15,000 మాత్రమే. కంపెనీ మన పేరున పీఎఫ్‌కి కట్టే పన్నెండు శాతంలో 8.33 శాతం పెన్షన్‌కి పోతుంది కానీ, ఆ పరిమితి వల్ల అది నెలకు 1,250 దాటదు. కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి, యాభై ఎనిమిదో ఏట మొదలవుతుంది, గవర్నమెంటు పెన్షన్‌లా డీఏ, అంటే ధరలతో పాటు పెరిగే కరువు భత్యం, కలవదు. నాన్నకి మొదటి నెల ఎంత పడిందో ఇవాళా అంతే పడుతోంది, మందుల షాపు బిల్లు మాత్రం అలాగే ఆగలేదు.

ఇంత చూసి కూడా 2021లో ఫ్లాట్ కొనేటప్పుడు నేను అదే తప్పు చేశాను. ముప్పై లక్షల హోమ్ లోన్, ఏడు శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు, ఈఎంఐ 23,259. నాకప్పుడు ముప్పై ఏడు, యాభై ఏడుకి అప్పు తీరిపోతుంది, రిటైర్మెంట్‌కి ఇంకో ఏడాది చేతిలో ఉంటుంది అని సంబరపడి, ఇంటి కాగితాలు బ్యాంకులో తనఖా పెట్టి ఇంటికొచ్చి పాయసం చేసుకున్నాం. అది ఫ్లోటింగ్ వడ్డీ, అంటే మధ్యలో మారే వడ్డీ అని తెలుసు, ఆర్‌బీఐ రెపో రేటుకి (బ్యాంకులకి ఆర్‌బీఐ అప్పిచ్చే వడ్డీకి) ముడిపడి ఉందనీ తెలుసు. రెపో పెరిగితే నా నెలవారీ కాగితం మీద ఏం జరుగుతుందో మాత్రం తెలీదు.

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 4 శాతం నుంచి 6.5కి ఎక్కింది. నా వడ్డీ తొమ్మిదిన్నర అయింది. ఈఎంఐ మాత్రం అదే 23,259 కట్ అవుతూ ఉండటంతో నాకేం తేడా తెలియలేదు, ఏదో పని మీద స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసిన రోజు దాకా. లోన్ తీసుకున్న మొదటి నెలలో 17,500 వడ్డీకి పోతే 5,759 అసలుకి జమయింది. ఇప్పుడీ స్టేట్‌మెంట్‌లో చివరి నెల అసలుకి జమైంది ఐదొందలు కూడా లేదు! మిగిలిందంతా వడ్డీయే. గడువు గడిలో ఉన్న నెలల సంఖ్య చూస్తే అప్పు తీరేసరికి నాకు డెబ్బై దాటిపోతాయి. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడే సెలవు పెట్టి బ్యాంకుకి వెళ్లాను. ఈఎంఐ 28,000 చేస్తే మళ్లీ 2041కే తీరుతుందని లెక్క తేలింది, అక్కడే సంతకం పెట్టాను. ఇప్పుడైతే ఇంత వెతుక్కోనక్కర్లేదు, వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచుకుంటారా గడువు పెంచుకుంటారా అని బ్యాంకులే అడగాలని 2023 ఆగస్టులో ఆర్‌బీఐ చెప్పింది. మనలాంటి వాళ్ల ఫ్లోటింగ్ హోమ్ లోన్‌లో ముందుగా ఎంత కట్టినా జరిమానా లేదు, ఇది చాలామందికి ఇప్పటికీ తెలీదు. 2025లో రెపో తగ్గడం మొదలయ్యాక నేను ఈఎంఐ తగ్గించుకోలేదు, అదే 28,000 కడుతున్నాను.

అప్పుడే నా పెన్షన్ లెక్క కూడా వేశాను. 2008లో చేరాను, యాభై ఎనిమిది దాకా ఆపకుండా చేస్తే, ఈ పరిమితి ఇలాగే ఉంటే, ఏడు వేల దగ్గర ఆగుతుంది. ఇరవై ఎనిమిది వేల వాయిదా పక్కన ఆ ఏడు వేలు రాసి చూసుకున్నాక రిటైర్మెంట్ కోసం మనమే దాచుకునే ఎన్‌పీఎస్ ఖాతా తెరిచాను, అంతకుముందు ఎంతమంది చెప్పినా వినలేదు.

ఇంకో మాట, మన దగ్గర వడ్డీని రూపాయల్లో చెబితేనే బుర్రకెక్కుతుంది కాబట్టి ఏ లోన్ అయినా రూపాయల్లోకి మార్చుకోండి. పన్నెండు శాతం అంటే రూపాయి వడ్డీ. "పది శాతం ఫ్లాట్ అండి, చాలా తక్కువ" అని ఎవరైనా అంటే ఆగండి. రెండు లక్షలు మూడేళ్లకి అలా తీసుకుంటే నెలకు 7,222 కడతారు, అసలు తగ్గుతున్నా వడ్డీ మొత్తం రెండు లక్షల మీదే వేస్తారు కనక అది నిజానికి పద్దెనిమిది శాతం, రూపాయిన్నర వడ్డీ.

పోయిన ఆదివారం తమ్ముడు మధురవాడ నుంచి వచ్చాడు. కొత్త ఫ్లాట్‌కి లోన్ తీసుకుంటాడట. వాడి సర్వీసు రికార్డు తెరిపిస్తే 2014 ముందు ఆరేళ్లు లేవు, ఉద్యోగం మారినప్పుడు ఫారం 10సీ పెట్టి పెన్షన్ డబ్బు నలభై వేల చిల్లర తీసేసుకుని బండి కొన్నాడు. డబ్బుకి బదులు ఆ సర్వీసుని నిలిపి ఉంచే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని ఉంటే ఆ ఆరేళ్లూ తర్వాతి సర్వీసులో కలిసేవి.

"అక్కా, యాభై లక్షలకి ఇరవై ఏళ్లంటే ఈఎంఐ ఎంతవుతుంది?" అన్నాడు.

"నీకు యాభై ఎనిమిది ఎప్పుడొస్తాయిరా?" అన్నాను.

వేళ్ల మీద లెక్కపెట్టి "2045" అన్నాడు. కాసేపాగి, "పద్దెనిమిదేళ్లకి చూడక్కా" అన్నాడు.